కుడిపక్క ప్యాడ్ ఉన్న కుర్చీ గారికి

మహారాజశ్రీ ప్యాడ్ కుర్చీ గారికి,

ఒంగోలు నుంచి ఒక పుర్రచేతివాటం అభ్యర్థి రాయునది. ఉభయకుశలోపరి. ఉభయుల్లో నా నడుమును మాత్రం కలపవద్దు. మీ కుడి చెక్క మీద ఎడమచేత్తో మాక్ టెస్ట్ రాసి ఇప్పుడే లేచాను.

మనుషుల్లో పదిమందికి ఒకరు ఎడమచేతివాటం. ఈ కోచింగ్ సెంటర్ హాలు నిండా మీరే, ఎడమ ప్యాడ్ కుర్చీ మచ్చుకి ఒక్కటి లేదు. అడిగితే మేనేజరు, "కుడిచేత్తో అలవాటు చేసుకోరాదా అన్నా, ఏముందీ!" అన్నాడు. అంతటితో ఆగలేదు. నాది కుడి మెదడట, బొమ్మలు బాగా వేస్తానట, లెక్కలు మాత్రం కష్టమేనట. అది సరిచేసే కోర్సు కూడా వాళ్ల దగ్గరే ఉందట, ఫీజు వేరే.

కుడిచేతిని నడిపేది మెదడు ఎడమ సగం, అది నిజమే. 1860లలో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు, మాట పడిపోయినవాళ్ల మెదడులో దెబ్బ ఎక్కువగా ఎడమపక్కే ఉందని గమనించాడు. ఇంకేం, పుర్రచేతివాళ్లకి అంతా తిరగేసి ఉంటుందని జనం తీర్మానించేశారు. తీరా చూస్తే మాలో కూడా నూటికి 70 మందికి మాట ఎడమ సగంలోనే ఉంది. కుడిచేతివాళ్లలో అది 95 దాకా ఉంటుంది. మాలో మిగతావాళ్లలో కొందరికి కుడివైపు, కొందరికి రెండువైపులా. చెయ్యి చూసి మెదడు చెప్పడం కంటే చిలక జోస్యమే నయం, ఫీజు తక్కువ.

చేతివాటం మనం నేర్చుకున్నది కూడా కాదు. కడుపులో పిండం ఏ బొటనవేలు చీకుతుందో స్కానింగుల్లో చూసినవాళ్లకి అప్పుడే మొగ్గు కనిపించింది. చిన్నప్పుడు బలవంతంగా మార్పించినవాళ్లు కుడిచేత్తో చక్కగా రాస్తున్నా, మెదడులో పాత వాటం జాడ పోలేదని స్కాన్లు చెప్పాయి. అన్నట్టు, కుడిచేతివాటం తల్లులు కూడా ఎక్కువమంది పసిబిడ్డని ఎడమవైపే పొదువుకుంటారు. వాళ్లని కూడా మార్చుకోమంటారా?

ఈ విషయంలో మా ప్రకాశం రైతు మీకంటే నయం. బండలాగుడు పోటీకి పోయినా దాపటి (ఎడమవైపు) ఎద్దును తెచ్చి ఎలపట (కుడివైపు) కట్టడు.

మీ చెక్క విప్పి అటుపక్క బిగిద్దామని వంగి చూశాను. బోల్టులు లేవు, వెల్డింగ్ కొట్టేశారు. కాబట్టి వచ్చే ఆదివారం నేను ఎడమపక్క కుర్చీ ప్యాడ్ మీదే రాస్తాను. ఆ కుర్చీలో కూర్చునే అబ్బాయికి మీరే ముందుగా చెప్పి ఉంచవలెను.

ఇట్లు,
మీ మీద అడ్డంగా కూర్చునే అభ్యర్థి