స్టాంగ్ల్ పనిమంతుడే, అదే అతని నేరం

నాజీలు పోలండ్‌లో యూదులను చంపడానికి కట్టిన ట్రెబ్లింకా క్యాంపు స్టేషన్లో గడియారం ముళ్లు కదిలేవి కావు. అవి రంగుతో గీసినవి. టికెట్ కిటికీ కూడా ఉత్తదే, దాని వెనక గుమాస్తా లేడు. బియాలిస్టోక్ రైలుకు ఇటు అంటూ ఓ బోర్డు. రైలు మాత్రం ఎటూ పోదు. దిగినవాళ్లలో దాదాపు అందరూ రెండు గంటల్లో గ్యాస్ గదుల్లో శవాలయ్యేవారు. 1942 చివర్లో ఈ బొమ్మ స్టేషన్ పెట్టించిన కమాండెంట్ ఫ్రాంజ్ స్టాంగ్ల్.

అతనికి ముందున్న ఎబర్ల్ చదివింది డాక్టరీ. వచ్చిన రైలును వచ్చినట్టు దించుకున్నాడు, శవాలు గుట్టలు పడ్డాయి. పై అధికారులు వచ్చి చూసి అతణ్ని తీసేశారు. చంపినందుకు కాదు, పద్ధతిగా చంపలేనందుకు! సోబిబోర్ అనే మరో హత్యా క్యాంపు నుంచి స్టాంగ్ల్‌ను తెచ్చింది ఆ గందరగోళం సర్దడానికే. సర్దాడు కూడా. తెల్లకోటు తొడుక్కుని తిరిగేవాడు, పూలమొక్కలు నాటించాడు. ఆ క్యాంపు నడిచిన ఏడాది పైచిలుకులో 7 నుంచి 9 లక్షల మంది ప్రాణాలు పోయాయి.

ఈ పని కాదంటే తననూ, పెళ్లాంబిడ్డలనూ బతకనివ్వరని భయపడ్డానన్నాడు స్టాంగ్ల్ తర్వాత. భయం నిజమే కావచ్చు. కానీ దశాబ్దాల పాటు సాగిన నాజీ విచారణల్లో, నిరాయుధులను చంపనన్నందుకు మరణశిక్ష పడ్డ ఎస్ఎస్ (నాజీల సాయుధ దళం) మనిషిని ఒక్కణ్ని కూడా డిఫెన్స్ లాయర్లు చూపించలేకపోయారు. పోనీ, భయంతోనే చేశాడనుకుందాం. భయపడ్డవాడు పూలమొక్కలెందుకు నాటిస్తాడు?

నా గొడవ అసలు ఇక్కడే. ‘పైనుంచి ఆర్డరు’ అనే మాట చుట్టూ తిరిగి తిరిగి, ఆర్డరులో లేని శ్రద్ధను మనం వదిలేస్తున్నాం. జైల్లో కలిసిన జర్నలిస్టుతో తన కళ్లకు ఆ జనం ‘సరుకు’ అన్నాడు స్టాంగ్ల్. సరుకన్నాక ఇక మిగిలేది రవాణా, నిల్వ, వేగం. వాటిలో అతను దిట్ట. చకచకా ఫైలు కదిపే ఆఫీసరంటే మనకూ మహా మోజు కదా. ఆ ఫైల్లో ఏముందండీ అని అడిగినవాడు పనికి అడ్డం పడేవాడు. స్టాంగ్ల్ లాంటివాణ్ని రాక్షసుడని తిట్టి ఊరుకోవడం మనకు సుఖం, ఎందుకంటే రాక్షసుడికి ప్రమోషన్ ఇచ్చిన పాపం ఎవరికీ అంటదు. అతను మొదట నేతగాడు, తర్వాత పోలీసు, ఆపైన వికలాంగులను చంపిన హార్ట్‌హైమ్ కేంద్రంలో అధికారి. ప్రతి మెట్టు మీదా ఎవరో ఒకరు అతని పని చూసి పైకి పంపారు.

యుద్ధం తర్వాత ఆస్ట్రియా జైలు నుంచి జారుకుని రోమ్ చేరాడు. అక్కడ హూడాల్ అనే కాథలిక్ బిషప్ చలవతో రెడ్‌క్రాస్ ప్రయాణ పత్రాలు దొరికాయి. సిరియా మీదుగా 1951లో బ్రెజిల్ వెళ్లాడు. మారుపేరైనా పెట్టుకోలేదు, ఆస్ట్రియా కాన్సులేట్లోనే నమోదు చేయించుకున్నాడు. 1967లో పోలీసులు వచ్చేనాటికి సావో పాలో దగ్గర ఫోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసుకుంటున్నాడు.