వెంటిలేటర్ ఉంది సరే, పక్కన నర్సు ఏదీ?

ముసలాళ్లు ఐసీయూలో పోతే "వయసైపోయిందిలే" అని ఒక్క మాటతో సరిపెట్టేస్తున్నాం, అది అన్యాయం అంటున్నాం మేం. డెబ్బై అయిదేళ్లొచ్చినా పొద్దున్నే లేచి గేదెకి గడ్డేసొచ్చే పెద్దాయన వేరు, అరవైకే మంచం పట్టినాయన వేరు. జబ్బుకి ముందు తన పని తను చేసుకునేవాడా లేదా అన్నది వయసు కంటే ఎక్కువ చెప్తది, ఇంటోళ్లని రెండు నిమిషాలు అడిగితే తెలిసిపోయే విషయం ఇది.

ఇంకోటి ఆలస్యం. ఉదయగిరి నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్ పాకి బీపీ పడిపోతే గంటలోపు యాంటీబయాటిక్ పడాలి, కానీ ముసలాళ్లకి ఒక్కోసారి జ్వరం కూడా రాదు, ఊరికే తికమకగా మాట్లాడతారు, మనమేమో చాదస్తం అనుకుని రెండు రోజులు చూసి అప్పుడు 108కి ఫోన్ చేస్తాం.

సరే, చేరారు. కోవిడ్ అప్పుడు 2020లో పీఎం కేర్స్ డబ్బులతో వెంటిలేటర్లు కొన్నారు, మంచిదే. కానీ వెంటిలేటర్ మీదున్న మనిషికి ఒక నర్సు ఉండాలి కదా, నలుగురికి ఒక్క సిస్టరైతే ఆ అమ్మాయి మాత్రం ఎవర్నని చూస్తది? రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, తలవైపు 30 డిగ్రీలన్నా ఎత్తాలి, నోరు తుడవాలి, కఫం లాగాలి. ఇవి జరక్కపోతే నడుము కింద పుండు పడతది, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరతది, వచ్చిన జబ్బు తగ్గినా కొత్త జబ్బుతో పోతారు. కళ్లజోడు, పళ్లసెట్టు బయట మెట్ల మీద కూర్చున్న కొడుకు క్యారీబ్యాగులో ఉంటాయి, లోపల ఆయనకి మనుషులు ఆనరు, పగలో రాత్రో తెలీదు, భయంతో పైపులు పీకేస్తే చేతులు కట్టేస్తారు. ఆ కళ్లజోడు లోపలికిస్తే రూపాయి ఖర్చు లేదు!

డెబ్బై దాటినోళ్లకి 2024 నుంచి ఆయుష్మాన్ భారత్ పథకం కింద ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంది, కానీ డిశ్చార్జి అయ్యాక కాళ్లల్లో సత్తువ లేక లేవలేని మనిషిని ఎవరు నడిపిస్తారు?

జిల్లా అధికారుల్ని మేం అడిగేది ఇదే, కొత్త మిషన్ల కంటే ముందు ఐసీయూల్లో ఖాళీగా ఉన్న నర్సు పోస్టులు నింపండి, ఏరియా ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ పెట్టండి, పూటకోసారన్నా ఇంటోళ్లని లోపలికి పంపండి. డాక్టర్లు కూడా మనిషి కోలుకునే ఆశ లేనప్పుడు ఆ మాట మొదటిరోజే కూర్చోబెట్టి చెప్పాలి, పొలం తాకట్టు పెట్టాక కాదు.