సంగీత్ ప్రాక్టీసుకు రాని చుట్టాలపై చర్యలు తప్పవు

మా మేనకోడలి పెళ్ళికి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. పెళ్ళికి కాదు, దాని ముందు రోజు రాత్రి చుట్టాలంతా స్టేజీ ఎక్కి డ్యాన్సులు చేసే సంగీత్‌కి. ముహూర్తం ఎన్ని గంటలకో సగం మంది చుట్టాలకు చివరిదాకా తెలియలేదు గానీ, 'ఫ్యామిలీ మెడ్లీ, బ్యాచ్ 2' ప్రాక్టీస్ ఎన్నింటికో తెలియనివాళ్ళు లేరు. ఒకరోజు పొద్దున్నే ఆ గ్రూపులో ప్రకటన వచ్చింది: "రెండు ప్రాక్టీసులు మిస్సయినవాళ్ళను ఫార్మేషన్‌లోంచి తీసేస్తాం. దయచేసి సీరియస్‌గా తీసుకోగలరు." కింద చేతులు జోడించిన బొమ్మలు.

ఈ క్రమశిక్షణను నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. ఇన్నాళ్ళూ మన కుటుంబాల్లో ఆట అనేది ఎంత అరాచకంగా సాగిందో తలుచుకుంటే భయమేస్తుంది. బరాత్‌లో ఎవరో ఒక బాబాయ్ కర్చీఫ్ నోట్లో పెట్టుకుని రోడ్డు మీద పడుకుని నాగిని డ్యాన్స్ చేసేవాడు. ఆయనకు ఎవరు నేర్పారు? ఎన్ని కౌంట్లు? సమాధానం లేదు. నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బులు, సిద్దీలు వాయించిన మర్ఫా హైదరాబాద్ పెళ్ళిళ్ళలో కలిసిపోయింది. దానికి అడుగులేసినవాళ్ళలో ఒక్కడి అటెండెన్స్ కూడా రికార్డుల్లో లేదు.

బతుకమ్మ సంగతి ఇంకా ఘోరం. పెత్రమాస నాడు ఎంగిలిపూలతో మొదలుపెట్టి సద్దుల దాకా తొమ్మిది రోజులు ఆడతారు. తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మల్ని మధ్యలో పెట్టి చుట్టూ తిరుగుతారు. గుండ్రంగా తిరిగే ఆటలో ముందు వరస ఎక్కడుంటుంది? వంగి చప్పట్లు కొట్టేది పూల వైపు, ఉయ్యాలో అని పాడేదీ పూల వైపే. కెమెరా పట్టుకుని నిలబడ్డవాడికి వీపులు, జడలు తప్ప ఏమీ దొరకవు. మధ్యలో ఎవరొచ్చి దూరినా పక్కామె జరిగి చోటిస్తుంది. ఇలాంటి ఆటని తెలంగాణ ప్రభుత్వం 2014లో రాష్ట్ర పండుగ చేసింది, ఆడిషన్ పెట్టకుండానే.

అరకు వైపు థింసాలో ఆడవాళ్ళు ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుంటారు. ఒకామె అడుగు తప్పినా వరస ఆమెను లాక్కునే పోతుంది. అంటే తప్పు ఎవరిదో తేలదు. దీపావళి రోజుల్లో ఆదిలాబాద్ గోండు గూడేల నుంచి దండారీ బృందాలు పొరుగూళ్ళకు వెళ్ళి ఆడతాయి. ఆ బృందాల్లో నెమలి ఈకల కిరీటం పెట్టుకుని ఆడే గుస్సాడీ ఆటకే మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ ఇచ్చారు. మా వాళ్ళు పెట్టుకున్న మాస్టర్ చేతిలో పడి ఉంటే, "అంకుల్, నెమలి ఈకలు మరీ ఎత్తయ్యాయి, లాస్ట్ రోలోకి వెళ్ళండి" అనేవాడు.

మాస్టర్ గురించి చెప్పాలి. ఇరవై రెండేళ్ళుంటాయేమో, చెవికి పోగు, చేతిలో బ్లూటూత్ స్పీకర్. మా పెద్దనాన్న హెడ్మాస్టర్‌గా రిటైరయ్యారు. ఆయన చేతి బెత్తం దెబ్బ తినని డాక్టరు, తహసీల్దారు మా మండలంలో లేరు. ఆ పెద్దనాన్న అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, రెండు కార్ల మధ్య నిలబడి, "మాస్టర్, ఎడమ కాలా, కుడి కాలా?" అని అడుగుతుంటే చూశాను. "ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్" అని అరుస్తాడు మాస్టర్. ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు ఏమయ్యాయో లెక్కల టీచరైన పెద్దనాన్న కూడా అడగలేకపోయారు.

మేనత్తతో మాస్టర్‌కి పెద్ద ఇబ్బందే వచ్చింది. "ఆంటీ, స్టెప్ ఓకే, ఎక్స్‌ప్రెషన్ రావట్లేదు." అప్పుడామె స్టవ్ మీద పాలు పెట్టి వచ్చింది. నన్నడిగితే ఎక్స్‌ప్రెషన్ చాలా స్పష్టంగా వచ్చింది.

మా చిన్నమ్మను మాత్రం మొదటి రోజే తీసేశారు. సద్దుల నాడు ఒక్కతే పాటెత్తి, అర్ధరాత్రి దాకా వాడంతటినీ ఆడించే మనిషి. కౌంట్ అందుకోలేకపోతోందట.

ఇక సంగీత్ రాత్రి. ఎల్‌ఈడీ తెర, యాంకరమ్మ, ఇద్దరు మనుషులు మోసుకొచ్చిన పొగ మిషన్. ప్రాక్టీసులో మాస్టర్ ఎదురుగా నిలబడి చూపించేవాడు కాబట్టి, సగం మంది ఆయన కుడిని తమ కుడి అనుకున్నారు, సగం మంది ఎడమ అనుకున్నారు. ఈ సిద్ధాంత విభేదం స్టేజీ మీదే బయటపడింది. బ్యాచ్ 2 రెండుగా చీలి ఒకరి మీదికి ఒకరు నడిచారు. సరిగ్గా అప్పుడే పొగ వదిలారు. ఒక నిమిషం పాటు మా వంశంలో పెద్దలెవరూ కనిపించలేదు. మేనత్త దగ్గు మాత్రం వినిపిస్తోంది. పొగ పలచబడేసరికి ఆమె నడుం వంగి, ఒక చెయ్యి గుండెల మీద, ఒక చెయ్యి గాల్లో, దగ్గుతోంది. తాళం తప్పకుండా దగ్గుతోంది. వెనక వరసలో తోటికోడలు అదే స్టెప్పనుకుని తనూ వంగింది, ఆమె వెనక ఇంకొకామె. హాలు దద్దరిల్లిపోయింది. యాంకరమ్మ "ఆంటీ, వన్స్ మోర్!" అంది. పెద్దనాన్న పొగలో దారి తప్పి తెర వెనక్కి వెళ్ళిపోయారు. బిర్యానీ కౌంటర్ దగ్గర దొరికారు. ఆ రాత్రంతటిలో నిజంగా సంతోషంగా కనిపించింది ఆయనొక్కరే.

చప్పట్లు కొట్టినంత మాత్రాన చూస్తున్నారనుకోకండి. హాల్లో ఉన్నవి రెండే రకాలు: ఆడి వచ్చి చెమట తుడుచుకునేవాళ్ళు, ఆడబోయేముందు చెమట పట్టినవాళ్ళు. రెండో రకం పెదాలు కదులుతూనే ఉన్నాయి: ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్.

పెద్దింటి పెళ్ళిళ్ళలో ఆట ఎప్పుడూ డబ్బు పెట్టి కొనేదే లెండి. వెనకటికి భోగం మేళాలు పెట్టించేవారు, వీరేశలింగం లాంటివాళ్ళు తిట్టిపోసేవారు. దేవదాసీ వ్యవస్థ రద్దు చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో వచ్చింది. అప్పట్లో డబ్బిచ్చి ఎవరిచేతో ఆడించి చూసేవాళ్ళం. ఇప్పుడు డబ్బిచ్చి మనమే ఆడించుకుంటున్నాం, అదీ మార్పు. ఇదే మేనకోడలు కాలేజీలో ఉండగా వినాయక నిమజ్జనంలో నాలుగడుగులు వేసిందని ఇంట్లో వారం రోజులు అన్నం సయించలేదు ఎవరికీ. పరువు పోయిందట. అవే అడుగులు లెహంగా కట్టి, లైట్లేసి, మాస్టర్ ఫీజు కడితే పరువు తిరిగొచ్చింది.

వీటికి నవ్వి ఊరుకోవచ్చు. గేటు దగ్గర జరిగిన దానికి మాత్రం నవ్వు రాలేదు.

పెళ్ళి రోజు ఎదుర్కోళ్ళకు ఊరి నుంచి డప్పులవాళ్ళు వచ్చారు. డప్పు మోగాలంటే ముందు తోలును మంట దగ్గర కాచాలి, అది బిగిసేదాకా. కన్వెన్షన్ హాలు గేటు పక్కన నాలుగు పుల్లలు ముట్టించారో లేదో సెక్యూరిటీ వచ్చి నీళ్ళు పోసి ఆర్పేశాడు. ఫైర్ సేఫ్టీ అట. అదే సమయానికి లోపల స్టేజీ మీద వధూవరుల పక్కన నిప్పురవ్వల ఫౌంటెన్లు మనిషెత్తు లేస్తున్నాయి! వాటికి సేఫ్టీ అక్కర్లేదు, బిల్లుంది కదా. ఆ మెత్తబడ్డ తోలు మీదే సిర్రతో, సిటికెన పుల్లతో వాయించారు వాళ్ళు. గేటు దాటనివ్వలేదు, డీజే సౌండ్‌తో క్లాష్ అవుతుందట. లోపల ఆ డీజే వేస్తున్నదేమిటి? తీన్మార్! ఎవరి దెబ్బ అది? వాళ్ళ తాతల చేతి దెబ్బని లాప్‌టాప్‌లోకి ఎక్కించి ఏసీ హాల్లో వాయించుకుంటారు, వాళ్ళని మాత్రం ఎండలో నిలబెడతారు. మూడున్నరకి వాళ్ళ చేతికి అన్నం పొట్లాలిచ్చారు. హాల్లో బంతులు ఖాళీగానే ఉన్నాయి. అక్కడ కూర్చోమనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఎందుకు రాలేదో మీకూ తెలుసు, నాకూ తెలుసు. దానికి ఫైర్ సేఫ్టీ అని పేరు పెట్టకండి, కులం అని పెట్టండి.

చిన్నమ్మ ఆ గేటు దగ్గరే ఉంది. చెప్పులు విడిచి, కొంగు బిగించి, డప్పు ముందు అడుగు కలిపింది. కారు డ్రైవర్లు ఇద్దరు వచ్చి చేరారు. ఆమె కొడుకు పరుగున వచ్చి, "లోపలికి రావే అమ్మా, అందరూ చూస్తున్నారు" అన్నాడు. లోపల చూసేవాళ్ళు లేక చస్తుంటే, బయట చూస్తారని భయం. చిన్నమ్మ రాలేదు. "నువ్వు కడుపుల ఉండి నెలలు నిండినప్పుడు కూడ ఆడిన, పోరా" అంది.

సాయంత్రం లెక్కలు తేల్చారు. మాస్టర్ కవరుకి బొట్టు పెట్టి మరీ ఇచ్చారు. డప్పులవాళ్ళు అడిగింది ఇవ్వడానికి మా బావ అరగంట బేరమాడి, చివరికి ఐదు వందలు తగ్గించి గెలిచాడు. పొగ మిషన్ బిల్లు మాత్రం చూడకుండా కట్టాడు. మేనత్తకు దగ్గు ఇంకా తగ్గలేదు, ఆ మందుల ఖర్చూ ఆయనదే.