కంపైలరు బతికే ఉన్నట్టు ధ్రువపత్రం

శాస్త్ర పరిశోధనకు పనికివచ్చే చాలా సాఫ్ట్‌వేర్లను సోర్స్ కోడ్ నుంచి కంపైల్ చేయడానికి, అంటే మనిషి రాసిన పాఠాన్ని యంత్రం నడపగల ప్రోగ్రాముగా మార్చడానికి కూర్చున్నవారికి, యంత్రంలో ఏముందో ముందుగా విచారించే కాన్ఫిగర్ స్క్రిప్టు మొదట్లోనే గొప్ప ధైర్యం చెబుతుంది. ఈ పరిసరాలకు మతి స్థిమితంగా ఉందా అని తనను తానే ప్రశ్నించుకుని, ఉందని తానే జవాబిచ్చుకుంటుంది. ఇంతటి నిర్ధారణకు ఏ పరీక్ష జరిపిందా అని స్క్రిప్టు తెరిచి చూస్తే, అప్పటికప్పుడు ఒక ఫైలును పుట్టించి, అది తనకన్నా కొత్తదేనని సరిచూసుకుంది, ఫోల్డరు పేరులో వింత అక్షరాలు లేవని చూసుకుంది, అంతే. గడియారం వెనక్కి నడవడం లేదు కనుక అంతా క్షేమం. శాస్త్ర లెక్కల భాష ఫోర్ట్రాన్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలరు అసలు ఉందా అన్న ప్రశ్న ఇంకా రానేలేదు.

1991లో ఇలాంటి స్క్రిప్టులను తయారుచేసే ఆటోకాన్ఫ్ పుట్టినప్పుడు ఈ విచారణకు న్యాయమైన కారణమే ఉండేది. ప్రతి కంపెనీ తన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను తన ఇష్టప్రకారం మలిచి అమ్ముకుంటున్న రోజుల్లో, ఏ యంత్రంలో ఏముందో అడిగి తెలుసుకోవలసిందే. ఆ యూనిక్స్‌లలో చాలామటుకు కాలం చేశాయి, ప్రశ్నలు మాత్రం మిగిలాయి. ఏటా ట్రెజరీ కార్యాలయానికి వెళ్ళి తాను బతికే ఉన్నానని రుజువు చేసుకునే పింఛనుదారుకూ సీ భాష కంపైలరుకూ ఒకటే తేడా: పింఛనుదారుకు ఏడాది గడువుంటుంది. కంపైలరు మాత్రం, లెక్కను అనేక ప్రాసెసర్లకు పంచే ఎంపిచ్ లైబ్రరీ కిటికీ దగ్గర తాను పనిచేస్తున్నానని నిరూపించుకుని ఇవతలికి రాగానే, డేటాను ఫైళ్ళలో దాచే హెచ్‌డీఎఫ్5 కిటికీ తెరుచుకుంటుంది. పనిచేస్తున్నావా? చేస్తున్నాను. నువ్వు కట్టిన ప్రోగ్రాము నడుస్తుందా? నడుస్తుంది. సున్నా నుంచి మళ్ళీ మొదలు. అక్కడ ముద్ర పడ్డాక వాతావరణ డేటా ఫైళ్ళను చదివి రాసే నెట్‌సీడీఎఫ్ సీ విభాగం, అది దాటాక నెట్‌సీడీఎఫ్ ఫోర్ట్రాన్ విభాగం. రెండూ ఒకే ఇంటిపేరువే అయినా ఒకరి రిజిస్టరును మరొకరు చూడరు. ఇప్పుడే పక్క కిటికీలో చూపించాను మహాప్రభో అనడానికి కంపైలరుకు నోరు లేదు. ఇక యంత్రం ఏ జాతిదో తేల్చే కాన్ఫిగ్ గెస్ అనే గుమాస్తా అల్ట్రిక్స్, ఐరిక్స్ వంటి కీర్తిశేష యూనిక్స్‌లను ఈనాటికీ పేరుపేరునా గుర్తుపడతాడు కానీ, పాత సాఫ్ట్‌వేరు మూటలో వచ్చినవాడైతే ఎదురుగా నిలబడ్డ నేటి 64-బిట్ ఆర్మ్ ప్రాసెసరును ఎరగనని బయటికి పంపేస్తాడు.

యూనిక్స్ తరహా వ్యవస్థలన్నింటి మీదా పనిచేస్తుందని, సాఫ్ట్‌వేరుతో వచ్చే పరిచయ పత్రం రీడ్‌మీ ఫైలులో రాసే వాక్యాన్ని చట్టప్రకారం నిషేధించాలి. మ్యాక్‌లో జీసీసీ అనే కంపైలరును పిలిస్తే క్లాంగ్ అనే మరో కంపైలరు పలుకుతుంది. యాపిల్ ఇచ్చే పరికరాల్లో ఫోర్ట్రాన్ ఊసే లేదు. ఫ్రీబీఎస్డీ అనే యూనిక్స్ తరహా వ్యవస్థలో, కంపైల్ పనులను వరుసగా నడిపించే మేక్ అంటే వేరే మేక్, మనకు కావలసినదాని పేరు జీమేక్. ఆజ్ఞలను నడిపే షెల్ బ్యాష్ కూడా స్క్రిప్టు మొదటి పంక్తిలో రాసిన చోట దొరకదు. ఉబుంటు లినక్స్‌లో 2006 నుంచీ ఎస్‌హెచ్ అని పిలిస్తే పలికేది డ్యాష్ అనే మరో షెల్ అయినా, అది బ్యాషే అనుకుని రాస్తున్నవారు ఇప్పటికీ ఉన్నారు.

2014 అక్టోబరులో విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ తుపానును మళ్ళీ లెక్కగట్టి చూడాలని ఒక పరిశోధక విద్యార్థిని సంకల్పించిందనుకుందాం. అందుకు డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే వాతావరణ మోడల్ కావాలి. నెట్‌సీడీఎఫ్ హెడర్లూ (ఫంక్షన్ల వివరాలు చెప్పే ఫైళ్ళు) లైబ్రరీలూ ఒకే గూటి కింద ఉండాలని దాని పట్టుదల. వాటిని వేర్వేరు చోట్ల పెట్టడం డెబియన్ అనే లినక్స్ సంప్రదాయం. కాబట్టి ఆ అమ్మాయి ఖాళీ ఫోల్డరు ఒకటి తెరిచి, దాని నిండా ఆ ఫైళ్ళకు లింకులు పెట్టి మోడల్‌ను మభ్యపెట్టాలి. నిర్మాణంలో ఎర్రరు తగిలినా అది ఆగదు. చివరిదాకా నడిచి, సమస్యలున్నాయి, లాగ్‌లో వెతుక్కోండి అని తీరిగ్గా సెలవిస్తుంది. ఇంతలో 2020లో వచ్చిన జీఫోర్ట్రాన్ కంపైలరు పదో వెర్షను, ఏళ్ళ తరబడి హెచ్చరికతో సరిపెట్టిన ఆర్గ్యుమెంటు తేడాలను, అంటే ఫంక్షనుకు అందించే విలువల రకాల్లో పొంతన లేకపోవడాన్ని నేరంగా ప్రకటించి, ఆ నేరాన్ని మన్నించే ఆప్షన్‌ను కూడా తానే ఇచ్చింది. అన్నీ గట్టెక్కితే లినక్స్ మీద డబ్ల్యూఆర్‌ఎఫ్ డాట్ ఈఎక్స్ఈ అనే ఫైలు తయారవుతుంది. విండోస్ ఫైళ్ళకు ఉండే ఆ తోక ఎందుకని అడిగే ఓపిక అప్పటికి ఎవరికీ మిగలదు.

నెలకు 37,000 రూపాయల ప్రజాధనం ఫెలోషిప్పుగా ఇచ్చి తుపానులు చదవమని కూర్చోబెట్టిన పిల్ల, ఫోర్ట్రాన్ కంపైలరు ఫంక్షను పేరు చివర తగిలించే అండర్‌స్కోరు ఒకటా రెండా అని అర్ధరాత్రి వెతుక్కుంటూ ఉంటే, ఇంకా ఇన్‌స్టాలే కాలేదా అని అడిగే పెద్దలకు సిగ్గుండాలి. మా దగ్గర పనిచేస్తోంది అని ఒక్క ముక్కలో జవాబు పంపే కోడ్ కర్తలకు అంతకన్నా ఎక్కువ సిగ్గుండాలి. మీ దగ్గరే పనిచేసేదాన్ని మీ దగ్గరే ఉంచుకోవలసింది. ఓపెన్ సోర్స్ అని ఊరంతా ఎందుకు చాటారు? ఒక్క యంత్రం మీద తప్ప ఎక్కడా కట్టలేని ప్రోగ్రాము ఇచ్చిన అంకెను శాస్త్ర ఫలితమని ఏ ముఖంతో అచ్చు వేస్తున్నారు? ఆ యంత్రం చెడిపోయిన నాడు ఆ అంకెను ఎవరు సరిచూడాలి? కంటెయినరు దించుకోమని సలహా ఇచ్చేవారొకరు. ఒకరి దగ్గర పనిచేసిన సరంజామానంతా మూటగట్టి పంపితే, మా దగ్గర పనిచేస్తోంది అన్న ఆ జవాబుకే బరువు పెరుగుతుంది తప్ప అర్థం మారదు.

కనుక శాస్త్ర పత్రికల సంపాదకులకు ఒక వినతి. వ్యాసంతో పాటు వచ్చిన కోడ్‌ను, కర్త సహాయం లేకుండా, కొత్త యంత్రం మీద మరొకరు కంపైల్ చేసి చూపిన తర్వాతే వ్యాసం అచ్చు కావాలి. యూనిక్స్ తరహా వ్యవస్థలన్నింటి మీదా అని రాసిన కర్తను మాత్రం ఒక గదిలో కూర్చోబెట్టి, ఫ్రీబీఎస్డీ ఉన్న యంత్రాన్ని ముందు పెట్టి, జీమేక్ సంగతి చెప్పకుండా బయట గడియ వేయాలి.