‘చిన్న ఫైనాన్స్ కంపెనీకి రూల్స్ పట్టవు’ అనే ఫార్వర్డ్‌కి జవాబు

ఫైనాన్స్ వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక మెసేజ్ తిరుగుతోంది. దాని సారాంశం: వెయ్యి కోట్లలోపు ఆస్తులున్న ఎన్‌బీఎఫ్‌సీలు (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు) బేస్ లేయర్‌లో, అంటే ఆర్‌బీఐ పెట్టిన మెట్లలో అన్నిటికంటే కింది మెట్టులో ఉంటాయి కాబట్టి కొత్త రూల్స్ వాటికి వర్తించవు. వర్తించినా రోజుకో సర్క్యులర్ వస్తుంటే వాటి వెంట ఎవరూ పరిగెత్తలేరు. నెలకింత అని కన్సల్టెంట్‌కో సాఫ్ట్‌వేర్ వాళ్లకో కట్టేస్తే బాధ్యత వాళ్లది. ఎలాగూ ఆర్‌బీఐ చిన్నవాళ్ల జోలికి రాదు.

చిన్న కంపెనీలకు ఈ రూల్స్ చూసిపెట్టడమే నా పని. అంటే మూడో మాట నిజమైతే లాభం నాకే. అయినా చెబుతున్నాను, అది నిజం కాదు. మిగతావీ అంతే. వరసగా చూద్దాం.

“బేస్ లేయర్‌కి కొత్త రూల్స్ వర్తించవు.”

ఇందులో సగం నిజం ఉంది, ప్రమాదం కూడా అక్కడే ఉంది. 2022 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన స్కేల్ ఆధారిత విధానంలో (కంపెనీ సైజును బట్టి రూల్స్ పెట్టే పద్ధతి), డిపాజిట్లు తీసుకోని వెయ్యి కోట్లలోపు కంపెనీలను కింది మెట్టులో పెట్టారు. చీఫ్ కంప్లయన్స్ ఆఫీసర్‌ని (రూల్స్ పాటిస్తున్నారో లేదో చూసే అధికారి) విడిగా నియమించాలన్న నిబంధన ఈ మెట్టుకి లేదు. 2023 నవంబర్‌లో వచ్చిన ఐటీ గవర్నెన్స్ ఆదేశాలు కూడా దీనికి వర్తించవు. అంతవరకూ మెసేజ్ రాసినాయన చెప్పింది కరెక్టే.

ఆయన వదిలేసినవి చూడండి. మొండి బాకీల లెక్క ముందుగా, అంటే కిస్తీ ఎన్ని రోజులు దాటితే అప్పుని మొండి బాకీగా చూపించాలన్నది. బేస్ లేయర్‌కి పాత గడువు 180 రోజులు. దాన్ని 2024 మార్చి 31కి 150, 2025 మార్చి 31కి 120, 2026 మార్చి 31కి 90 రోజులకు దించుతూ వచ్చారు. విజయవాడలో సెకండ్‌హ్యాండ్ లారీలకు అప్పులిచ్చే ఒక కంపెనీ ఉందనుకుందాం. ఒకాయన 2025 డిసెంబర్ 10న కట్టాల్సిన కిస్తీ కట్టలేదు. 2026 మార్చి 31 నాటికి 110 రోజులు దాటింది. 120 రోజుల లెక్కలో అది మంచి ఖాతాయే, 90 రోజుల లెక్కలో ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. నష్టం రావచ్చని పక్కన పెట్టాల్సిన కేటాయింపు 0.25 శాతం నుంచి 10 శాతానికి పోతుంది, రాని వడ్డీని ఆదాయంగా చూపించకూడదు.

అసలు తప్పు ఆ తర్వాత జరుగుతుంది. ఏప్రిల్‌లో ఆయన వచ్చి ఒక కిస్తీ కడతాడు. కౌంటర్‌లో కూర్చున్న అబ్బాయి “సార్ కట్టేశాడు” అని ఖాతాని మళ్లీ స్టాండర్డ్‌లోకి, అంటే మంచి ఖాతాల్లోకి మార్చేస్తాడు. అలా కుదరదు. అసలు, వడ్డీ కలిపి బకాయిలన్నీ తీరాకే ఎన్‌పీఏ ముద్ర పోతుంది. ఇది 2021 నవంబర్‌లోనే ఆర్‌బీఐ స్పష్టంగా చెప్పిన విషయం. నేను కొత్తగా ఏ ఆఫీసుకు వెళ్లినా మొదట అడిగేది కిస్తీ పుస్తకమే. పాలసీ ఫైళ్లు ఎవరైనా ప్రింట్ తీసి పెట్టుకోవచ్చు, కిస్తీ పుస్తకం అబద్ధం చెప్పదు.

రెండోది, ఒప్పంద పత్రం. చాలాచోట్ల ఇప్పటికీ ఏళ్లనాటి ప్రింటెడ్ ఫారమే వాడుతున్నారు. అందులో “గడువు దాటితే నెలకు ఇంత శాతం అపరాధ వడ్డీ” అని ఉంటుంది. కొత్త అప్పులకు 2024 ఏప్రిల్ 1 నుంచి అది చెల్లదు. ఆలస్యానికి జరిమానా ఛార్జీ వేయవచ్చు. అయితే దాన్ని వడ్డీ రేటుకు కలపకూడదు, దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. ఆ ఒక్క పేరా మార్చి కొత్త ఫారాలు ప్రింట్ చేయించడానికి ఎంతవుతుంది?

మూడోది కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అంటే అప్పు వడ్డీ, ఛార్జీలు అన్నీ ఒకచోట చూపించే కాగితం. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్తగా ఇచ్చే రిటైల్, ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా వ్యాపారాల) టర్మ్ లోన్లన్నింటికీ ఇది తప్పనిసరి. మన ఊళ్లలో అప్పు మాట్లాడుకునేది “రూపాయిన్నర వడ్డీ” అని. లక్ష రూపాయలు, ఏడాది, ఫ్లాట్ లెక్క (మొత్తం లక్ష మీదే ఏడాదంతా వడ్డీ) అనుకోండి. నెలకు 9,833 కిస్తీ. పైగా ప్రాసెసింగ్ ఫీజు 2,000 ముందే పట్టుకుంటారు. కస్టమర్ మనసులో అది 18 శాతం వడ్డీ. అసలు తగ్గుతూ వస్తుంది కాబట్టి, చేతికి 98 వేలే వచ్చింది కాబట్టి, ఆ కాగితం మీద రాయాల్సిన వార్షిక రేటు 36 శాతానికి కాస్త అటూఇటూ వస్తుంది. ఈ అంకె రాయడానికి ఓనర్లు ఇబ్బంది పడతారు, నాకు తెలుసు. కాగితం అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి, చదివి వివరించి సంతకం తీసుకోవాలి. తెలుగు మాత్రమే వచ్చిన రైతు చేత ఇంగ్లిష్ కాగితం మీద వేలిముద్ర వేయిస్తే రూల్ పాటించినట్టు కాదు. అందులో లేని ఛార్జీని తర్వాత అతను ఒప్పుకోకుండా వసూలు చేయడానికీ లేదు.

“రోజుకో సర్క్యులర్, ఎవరూ ఫాలో కాలేరు.”

2025 నవంబర్ 28కి ముందు ఈ మాట అనుంటే కొంత ఒప్పుకునేవాణ్ని. ఆ రోజు ఆర్‌బీఐ 9 వేలకు పైగా పాత సర్క్యులర్లను పక్కనపెట్టి, వాటిలో ఇంకా పనికొచ్చేదంతా 244 మాస్టర్ డైరెక్షన్లుగా సర్దింది. అవి సంస్థల రకాన్ని బట్టి విడివిడిగా ఉన్నాయి. వాణిజ్య బ్యాంకులవి, సహకార బ్యాంకులవి మనం చదవనక్కర్లేదు. ఎన్‌బీఎఫ్‌సీల కింద ఉన్నవాటిలో కూడా బంగారం తాకట్టు పెట్టుకోని కంపెనీకి ఆ భాగంతో పనిలేదు. మైక్రోఫైనాన్స్ చేయనివాళ్లకు కుటుంబ ఆదాయం 3 లక్షల లెక్కతో పనిలేదు.

మిగిలినవాటికి ఒక ఎక్సెల్ షీట్ చాలు. రూల్ ఏమిటి, దానివల్ల మన ఆఫీసులో ఏ కాగితం మారాలి, ఎవరు మార్చాలి, ఏ తేదీలోపు. వారానికి ఒకసారి ఆర్‌బీఐ సైట్‌లో నోటిఫికేషన్లు చూసి దాన్ని సరిచేసుకోవడమే. రెండో గడి ఖాళీగా ఉంటే ఆ రూల్ మనకు వర్తించదని అర్థం, లేదా మనకింకా అర్థం కాలేదని. క్రెడిట్ బ్యూరోలకు (ఎవరు అప్పు ఎలా తీరుస్తున్నారో రాసిపెట్టే సంస్థలు) సమాచారం ఇదివరకు నెలకోసారి పంపేవాళ్లు, 2025 జనవరి నుంచి పదిహేను రోజులకోసారి పంపాలన్నారు. కస్టమర్ రిస్క్‌ని బట్టి కేవైసీని రెండేళ్లకు, ఎనిమిదేళ్లకు, పదేళ్లకు తిరగరాయాలి. ఇలాంటి తేదీలు గుర్తుపెట్టుకోవడానికి ఫోన్‌లో క్యాలెండర్ ఉంది.

“కన్సల్టెంట్‌కి కట్టేస్తే బాధ్యత అతనిది.”

కాదు. ఎన్‌బీఎఫ్‌సీలు ఏ పనులు బయటికి ఇవ్వకూడదో 2017 నుంచే రాసి ఉంది: ఇంటర్నల్ ఆడిట్, కంప్లయన్స్, కేవైసీ సరిపోయిందా లేదా అన్న నిర్ణయం, లోన్ మంజూరు. మాలాంటివాళ్లు చదివి చెప్పగలం, ఫారాలు తయారుచేసి ఇవ్వగలం, మీ స్టాఫ్‌కి నేర్పగలం. సంతకం, బాధ్యత మాత్రం డైరెక్టర్లవే. “మీరేం టెన్షన్ పడకండి, అంతా మేం చూసుకుంటాం” అనే కన్సల్టెంట్‌ని చూసే కాస్త టెన్షన్ పడండి. సాఫ్ట్‌వేర్ కూడా అంతే. ఎన్‌పీఏ గడువు 120 అని సెట్ చేసి వదిలేస్తే 2026 మార్చి తర్వాత కూడా అది 120కే లెక్క కడుతుంది, దాని తప్పేం లేదు.

“చిన్నవాళ్ల జోలికి రాదు.”

2020 చివర్లో హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల వేధింపులు, ఆత్మహత్యలు, అరెస్టులు మనమంతా చూశాం. కొన్ని యాప్‌ల వెనక లైసెన్స్ ఉన్న చిన్న ఎన్‌బీఎఫ్‌సీలే ఉన్నాయి. పని మొత్తం యాప్ వాళ్లకు అప్పజెప్పి ఇవి కమీషన్ తీసుకుని కూర్చున్నాయి. 2022 మేలో ఆర్‌బీఐ ఒకేసారి ఐదు కంపెనీల రిజిస్ట్రేషన్ రద్దు చేసింది. కారణం, యాప్‌ల ద్వారా చేసిన వ్యాపారంలో అవుట్‌సోర్సింగ్ నిబంధనలు, ఫెయిర్ ప్రాక్టీసెస్ కోడ్ (కస్టమర్‌తో న్యాయంగా నడుచుకోవాలన్న నియమాలు) ఉల్లంఘన. ఆ ఐదింటిలో దేశమంతా తెలిసిన పేరు ఒక్కటీ లేదు. రిజిస్ట్రేషన్ పోయాక కూడా వ్యాపారం సాగిస్తే అది ఏడాది నుంచి ఐదేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం.

మెసేజ్ చివర్లో “రాష్ట్ర మనీ లెండింగ్ లైసెన్స్ కూడా తీసుకోవాలి, రెండు కత్తుల మధ్య బతుకు” అని ఒక వాక్యం ఉంది. ఆర్‌బీఐ దగ్గర రిజిస్టరైన ఎన్‌బీఎఫ్‌సీలకు రాష్ట్రాల మనీ లెండర్స్ చట్టాలు వర్తించవని కేరళ, గుజరాత్ కేసుల్లో సుప్రీంకోర్టు 2022 మేలో తేల్చింది. వీధి చివర ‘ఫైనాన్స్’ బోర్డు పెట్టుకున్న పార్ట్‌నర్‌షిప్ సంస్థల సంగతి వేరు, అవి ఎన్‌బీఎఫ్‌సీలే కావు. మెసేజ్ ఇద్దరినీ ఒకే గాటన కట్టేసింది.

చిన్నవాళ్లకు నిజంగా బరువైన నిబంధన ఒకటుంది, ఈ మెసేజ్‌లో దాని ఊసే లేదు. రెండు కోట్ల సొంత నిధితో మొదలుపెట్టిన అప్పుల కంపెనీలు 2025 మార్చికి 5 కోట్లు, 2027 మార్చి 31కి 10 కోట్లు చూపించాలి. జిల్లా కేంద్రంలో నడిచే కుటుంబ కంపెనీకి అది మాటలు కాదు. ఆ గడువు మీద ఆర్‌బీఐకి గట్టిగా విన్నవించుకుంటే న్యాయమే. ఈలోగా భాగస్వాముల్ని తెచ్చుకోవాలా, ఇంకో కంపెనీలో కలిసిపోవాలా, లైసెన్స్ మనమే సరెండర్ చేసి పరువుగా బయటికి రావాలా అన్నది బోర్డు కూర్చుని తేల్చుకోవాలి. ఆ మీటింగ్ మినిట్స్ మాత్రం జాగ్రత్తగా రాసి ఉంచండి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు వాటిని అడుగుతారు.