పదకొండో అధ్యాయం తీసేస్తే మంచిది

మా చెల్లె కూతురు ఇంటర్ సెకండియర్ పరీక్షలు రాసి, ఎంసెట్ కోచింగ్‌కని నల్లగొండలో మా ఇంట్లో దిగింది. 40 రోజులు ఫిజిక్స్ నోట్సు ముందేసుకుని కూర్చుంటే పిల్ల కష్టపడుతోందనుకున్నాం. నోట్సు వెనక వైపు నుంచి నవల రాస్తోందట. "యంగ్ అడల్ట్ రొమాంటిక్ సస్పెన్స్ మామా, చదివి చెప్పు" అని తెచ్చి చేతిలో పెట్టింది. రెండు సాహిత్య సభల్లో శాలువా కప్పించుకున్న మనిషిని. బంధుత్వం పక్కనబెట్టి నాలుగు మాటలు చెప్పడం నా బాధ్యత.

కథ ఇది. హీరోయిన్‌కు 17 ఏళ్లు. తన వల్లే స్నేహితురాలు నాగార్జునసాగర్ నీళ్లలో పడిపోయిందని లోలోపల కుమిలిపోతుంటుంది. ఊళ్లోకి కొత్తగా వచ్చిన పిల్లగాడికి ఆ రోజు సంగతి ఏదో తెలుసు. ఇంట్లో తాళం వేసిన గది ఒకటుంది. అందులో ఏముందో పెద్దవాళ్లు పదేళ్లుగా నోరు విప్పరు.

ముందు ఆ గది సంగతి. మా వైపు గదికి తాళం ఉందంటే లోపల బియ్యం బస్తాలుండాలి, లేదంటే టు-లెట్ బోర్డు రాబోతున్నట్టు. పదేళ్లు దాగే రహస్యం మరీ విడ్డూరం. పెండ్లిలో రెండో బంతికి మటన్ ముక్కలు తక్కువ పడితే చాలు, తాతల నాటి సంగతులు కూడా పందిట్లోకి వచ్చి కూర్చుంటాయి. మిర్యాలగూడ మేనత్త ఫోన్‌లో "ఎవ్వరికి చెప్పకు బిడ్డా" అన్నదంటే, పొద్దుగూకేసరికి ఆ మాట దేవరకొండ చేరినట్టే.

ప్రేమ సీన్లు కూడా అంతే. ఇద్దరూ క్లాక్ టవర్ దగ్గర నిలబడి అరగంట మాట్లాడుకుంటారు. ఆ అరగంటలో ఒక్క బాబాయి కూడా బండి ఆపి "ఎవరి బిడ్డవమ్మా?" అని అడగడు. దీన్ని సైన్స్ ఫిక్షన్ కింద అచ్చేయాలి.

తర్వాతి సీను మాత్రం మెచ్చుకోవాలి. ఇద్దరినీ పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకుపోయింది. కుందూరు చోళుల నాటి గుడి. గర్భగుడిలో పొద్దంతా ఒక స్తంభం నీడ నిలిచి ఉంటుంది. బయట సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోతాడు, లోపల నీడ కదలదు. ఏ స్తంభానిదో చూపించమంటే చూపించలేం. చుట్టూ ఉన్న స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే వెలుగుతో అలా పడుతుందని ఫిజిక్స్ వాళ్లు చెబుతారు. మా పిల్ల ఆ ముక్క కూడా రాసింది. కోచింగ్ ఫీజు మొత్తం బూడిదలో పోయలేదన్నమాట. అక్కడ హీరోయిన్ అంటుంది: "చేసినోళ్లు కనబడరు, నీడ మాత్రం మీదనే ఉంటది." వాక్యం బాగుంది. ఎవరి గురించి అన్నదో మొదటిసారి చదివినప్పుడు తట్టలేదు.

క్లైమాక్స్‌లో ఆ అమ్మాయి ఇంట్లో దొరికిన డైరీని సాగర్‌లో విసిరేస్తుంది. దాంతో రహస్యం మునిగిపోతుంది. సాగర్ గురించి తెలుసుకోకుండా రాస్తే ఇట్లాగే ఉంటుంది. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేయకముందే, 1954 నుంచే ఆ మునగబోయే లోయలో పురావస్తు తవ్వకాలు మొదలుపెట్టారు. 1960 దాకా తవ్వి, ఇక్ష్వాకుల నాటి శిల్పాలనూ కట్టడాలనూ నాగార్జునకొండ మీదికి చేర్చారు. 1700 ఏళ్ల నాటి వాళ్ల సంగతులనే మునగనివ్వని చోట 200 పేజీల డైరీ మునుగుతుందా? పైగా నీటిమట్టం 590 అడుగులకు చేరి గేట్లెత్తిన రోజట అది. ఆ రోజు అక్కడ సెల్ఫీ దిగడానికే జాగా దొరకదు. డైరీ విసిరితే నలుగురు వీడియో తీసి స్టేటస్ పెడతారు.

ఇక ఆ ఏడుపు. నవల్లో మూడో వంతు అదే. 'అపరాధ భావన' అన్న మాట 41 సార్లు వచ్చింది, లెక్కపెట్టాను. మా దగ్గర ఆ మాట పరీక్ష పేపర్లో తప్ప కనబడదు. "ఎవరి పాపం వాళ్లకే తగుల్తది" అంటాం, అదీ ఎదుటివాళ్ల పాపం గురించే. తప్పు చేశానని రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడమేమిటి? నాకు తెలిసిన మగవాళ్లంతా పది కాకముందే గురక పెడతారు. నేనూ అంతే.

పదకొండో అధ్యాయంలో రచయిత్రి పూర్తిగా దారి తప్పింది. తాళం తీస్తే లోపల శవమో నగల మూటో ఉంటుందని పాఠకుడు గోళ్లు కొరుక్కుంటుంటే, దొరికేది ఒక కాగితం. హీరోయిన్ తల్లి సంతకం పెట్టిన రిలీజ్ డీడ్. సాగర్ ఎడమ కాల్వ కింద 2 ఎకరాల 12 గుంటల్లో తన హక్కు అన్నకు వదులుకుంటున్నట్టు. రాఖీ పండుగ తెల్లారి, పసుపు కుంకుమల కింద ఒక గద్వాల చీర పెట్టి, "బ్యాంకు లోను కోసమే చెల్లె, ఉత్తగనే" అని ఆ అన్న సంతకం తీసుకుంటాడు. ఇందులో సస్పెన్స్ ఏముంది? మా వీధిలో ఏ ఇంటి తలుపు కొట్టినా ఇదే కథ. అది చాలదన్నట్టు, ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ వాటా ఇస్తూ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించారని, అది 2005 సెప్టెంబర్ 9 నుంచి అమల్లో ఉందని కింద ఫుట్‌నోట్ వేసింది. ప్రేమకథకు ఫుట్‌నోట్లా!

పాత్ర చిత్రణ కూడా తేలిపోయింది. ఆ అన్న సభల్లో శాలువాలు కప్పించుకుంటాడట. అట్లాంటివాళ్లు బయట ఎక్కడైనా ఉంటారా? కనీసం వివరాలైనా సరిచూసుకోవాలి కదా. చీర నెమలి కంఠం రంగని రాసింది. కాదు, వంకాయ రంగు. కుంకుమ రంగు అంచు.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, పదకొండో అధ్యాయం తీసేస్తే కథ వేగం పెరుగుతుందని ఇచ్చాను. పిల్ల ఓపికగా చదివింది. రంగు దగ్గర ఆగి మళ్లీ చదివింది. లోపలికి వెళ్లి ఆ పేజీ, ఒక పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

"రంగు నువ్వే దిద్దు మామా. దిద్దిన కాడ ఒక సంతకం పెట్టు."

"సంతకం ఎందుకే?"

"ఉత్తగనే" అంది.