అవ్వ వడ సంగతి ఎవరు చూస్తారు?

చెన్నైలో పెరిగే ఏ పిల్లనైనా అడగండి, పాటి వడ కథ గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తుంది. తెలుగింటి పిల్ల అయినా సరే, ఈ కథలో మాత్రం అవ్వ ‘పాటి’యే. పాటి చెట్టు కింద వడలు వేస్తుంటుంది. కాకి ఒకటి ఎత్తుకుపోయి కొమ్మ మీద వాలుతుంది. నక్క వచ్చి, నీ గొంతు అమృతం, ఒక పాట పాడమంటుంది. కాకి కావుమంటుంది, వడ జారుతుంది, నక్క పట్టుకుపోతుంది. నీతి: పొగడ్తలకు పడిపోకూడదు.

మొన్న రాత్రి మూడో క్లాసు మనవరాలికి ఇదే చెబుతూ నీతి దగ్గర ఆగిపోయాను. ఈ నీతి ఎవరికండీ? కాకికి. అంటే దొంగకి. దొంగసొత్తు చేజారకుండా ఎలా చూసుకోవాలో సలహా ఇచ్చి, దాన్ని నీతి అని పిలిచి, పిల్లలకు దుప్పటి కప్పుతున్నాం. ముందురోజు పప్పు నానబోసుకుని, ఎండలో పొయ్యి దగ్గర కూర్చున్న ముసలామె ఏమైంది? ఎఫ్‌ఐఆర్ లేదు, నష్టపరిహారం లేదు. ఈ కథను సవరించినవాళ్ళూ ఉన్నారు. కొత్త కథలో కాకి తెలివిగా వడని కాలి కింద పెట్టుకుని పాడుతుంది. అందరూ చప్పట్లు. సవరించేటప్పుడైనా అవ్వ గుర్తురాలేదు.

ఇలాంటి అనుమానాలు ఈ ఊళ్ళో రావడం మహాపాపం. 1853లో చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడింది ఇక్కడే. 1947 జులైలో చందమామ మొదలైంది ఇక్కడే. ఆవకాయ అటునుంచి ఇటు వచ్చింది, నీతి ఇటునుంచి అటు వెళ్ళింది. కాబట్టి బాధ్యతగల మద్రాసు తెలుగువాడిగా పంచతంత్రం తీసి మొదటినుంచీ చదివాను. చదవకుండా ఉండాల్సింది.

అమరశక్తి అనే రాజుకి ముగ్గురు మొద్దు కొడుకులు. ఎనభై ఏళ్ళ విష్ణుశర్మ వచ్చి, ఆరు నెలల్లో వీళ్ళకి నీతిశాస్త్రం నేర్పకపోతే నా పేరు వదులుకుంటానన్నాడు. డబ్బు ఇస్తామంటే, చదువు అమ్ముకోనన్నాడు. ఇప్పుడు గ్యారంటీ ఇచ్చే కోచింగ్ సెంటర్లకు కొదవలేదు గాని, పేరు వదులుకుంటామన్నది ఒక్కటీ లేదు. ఫీజంతా పేరుకే కదా. ఇంతకీ ఆ నీతి అంటే పక్కవాడి పెన్సిల్ తీయకు అనే నీతి కాదు. అది రాజనీతి: ఎవర్ని నమ్మాలి, ఎవర్ని విడదీయాలి, కుర్చీ ఎలా కాపాడుకోవాలి. రాజు కొడుకుల సిలబస్ తెచ్చి మనం యూకేజీలో పెట్టాం.

మొదటి తంత్రం పేరే మిత్రభేదం. సంజీవకుడనే ఎద్దునీ పింగళకుడనే సింహాన్నీ కలిపింది దమనకుడనే నక్కే. ఆ స్నేహం ముదిరి సింహం వేట మానేసేసరికి నక్కలకు తిండి లేదు. దమనకుడు సింహం చెవిలో ‘ఎద్దు మీ సింహాసనం మీద కన్నేసింది’ అన్నాడు. ఎద్దు చెవిలో ‘సింహం నిన్ను తినబోతోంది, కళ్ళెర్రజేసి చెవులు నిక్కిస్తే అదే గుర్తు’ అన్నాడు. రెండూ భయంభయంగా ఎదురుపడ్డాయి. ఎద్దు చచ్చింది.

“మరి నక్కకి ఏం శిక్ష వేశారు తాతా?”

“మంత్రి పదవి, తల్లీ.”

కాసేపు ఆలోచించింది. మరుసటి వారంలో స్కూలు వ్యానులో దానికి కిటికీ సీటు వచ్చింది. రెండేళ్ళుగా అక్కడ కూర్చునే ఇద్దరు పిల్లలు మాత్రం మాట్లాడుకోవడం లేదట. వివరాలు నేను అడగలేదు.

ఈ ముగింపు అందరికీ మింగుడుపడలేదు. ఎనిమిదో శతాబ్దంలో ఈ కథల్ని అరబ్బీలోకి తెచ్చిన ఇబ్న్ అల్ ముఖఫ్ఫా పుస్తకంలో మన దగ్గర లేని అధ్యాయం ఒకటుంది: నక్క మీద విచారణ. సాక్షులొచ్చారు, వాదనలు జరిగాయి, చివరికి నక్క ప్రాణం పోయింది. ఆ అధ్యాయం ఆయన చేర్చిందేనని పండితులంటారు. అంటే మన నక్కకి శిక్ష పడాలంటే అరబ్బీ దాకా వెళ్ళాల్సి వచ్చింది. మన భాషల్లో ఇంకా మంత్రిగానే ఉంది.

వడపళనిలో మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ, ట్రెజరర్ పదేళ్ళు కలిసి వాకింగ్ చేసి, కలిసి ఫిల్టర్ కాఫీ తాగినవాళ్ళు. పోయిన వేసవిలో నీళ్ళ లారీల లెక్క దగ్గర చెడింది. మూడో అంతస్తు పెద్దమనిషి ఒకాయన సెక్రటరీతో ‘మీ బిల్లులు జిరాక్స్ తీయిస్తున్నారు సార్’ అన్నారట. ట్రెజరర్‌తో ‘మీటింగులో ఆయన ఫైలు గట్టిగా పట్టుకుని కూర్చుంటే మాత్రం జాగ్రత్త సార్’ అన్నారట. ఫైలు మెత్తగా పట్టుకునే సెక్రటరీ ప్రపంచంలో ఉంటాడా? ఇద్దరూ రాజీనామా చేశారు. ఇప్పుడు సెక్రటరీ ఎవరో చెప్పక్కర్లేదు.

నిన్న ఆయనే మా తలుపు తట్టారు. సెలవుల్లో పిల్లలకు టెర్రస్ మీద కథలు చెప్పించాలట, పెద్దవారు మీరే తగినవారట, మీ గొంతు కూడా బాగుంటుందట.

ఏ కథ చెప్పమంటారని అడిగాను.

“ఏదైనా పర్లేదు సార్. చివర్లో ఒక నీతి ఉంటే చాలు.”